సెకండ్‌హాండ్ స్పోర్ట్స్ కారు కొనడమెలా?

విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసి, "సావనీరుకు మీ వృత్తికి సంబంధించిన వ్యాసమేదైనా వ్రాసి పంపండి సార్" అన్నాడు. నా వృత్తి పవర్‌హౌసుల్లో బాయిలరు గొట్టాలు తనిఖీ చెయ్యడం. ముప్పయి రెండేళ్ళు అదే పని చేసి రిటైరయ్యాను. దాన్ని గురించి వ్రాస్తే మెకానికల్ వాళ్ళు కూడా రెండో పేజీ తిప్పరని నాకు తెలుసు. అందుచేత అదే తనిఖీ బుద్ధిని నా సొంత డబ్బు మీద ప్రయోగించవలసి వచ్చిన ఒక సందర్భాన్ని గురించి వ్రాస్తున్నాను. 2019లో, అరవై రెండేళ్ళ వయస్సులో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో నేనొక పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. కొనే ముందు అయిదు నెలలు తిరిగాను, చదివాను, బేరాలాడాను, ఒక స్నేహం కొంచెం చెడగొట్టుకున్నాను కూడా. స్పోర్ట్స్ కారు మనకెందుకండీ అనుకొనేవారు ఈ వ్యాసాన్ని సెకండ్‌హాండ్ స్కూటరుకు అన్వయించుకొని చదువుకోవచ్చు. పెద్దగా తేడా రాదు.

ముందు ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. మేము చదివే రోజుల్లో వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉండేది. మద్రాసులో 1961 నుంచి తయారైన కారు అది. మా కాలానికే అది కదలడం మానేసి, కుర్రాళ్ళు విప్పి బిగించడానికి పనికొచ్చేది. దాని బానెట్టూ, ముందు మడ్‌గార్డులూ అన్నీ కలిపి ఒకే ముక్క. మొసలి నోరు తెరిచినట్టు మొత్తం ముందుకు తెరుచుకొనేది. చక్రం మీద కూర్చొని ఇంజను పని చేసుకోవచ్చు. ఒకనాడు నా రూమ్మేటు లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రిక పట్టుకొని పరుగెత్తుకుంటూ వచ్చాడు. అందులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల టాపులేని కారు బొమ్మ ఉంది. హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టిచేసి 1962లో ఆ కారు తెచ్చారట. "ఒరేయ్, మన షెడ్డులో ఉన్నదాని తమ్ముడేరా ఇది!" అన్నాడు వాడు. ఎప్పటికైనా ఇద్దరం కలిసి ఒకటి కొనాలని ఆ రాత్రి హాస్టలు మేడ మీద తీర్మానం. వాడు బ్యాంకులో చేరాడు, నేను దేశాలు పట్టి పోయాను. 2018లో వాడు పోయాడన్న కబురు వచ్చింది. నేను రిటైరయింది కూడా ఆ సంవత్సరమే.

మా ఆవిడతో విషయం కదిపితే ఆవిడ రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోనాడు, "పన్నెండు వేల డాలర్లు. కారు ధర, పన్ను, మొదటి ఏడాది రిపేర్లు అన్నీ అందులోనే. పదమూడో వెయ్యి అడక్కండి" అంది. ఇంతకంటే స్పష్టమైన టెండరు షరతులు నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పాత కారు గురించి ఎవరినడిగినా మొదట చెప్పే మాట "ఫలానా కంపెనీది నమ్మకమైన బండి" అని. ఈ నమ్మకం అనే మాటలో కనీసం మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. తరచుగా చెడుతుందా లేదా అన్నది ఒకటి. చెడితే ఎంతలో బాగవుతుంది అన్నది వేరొకటి. బాగుచేసేవాడూ, విడిభాగమూ మన ఊళ్ళో దొరుకుతాయా అన్నది ఇంకొకటి. మొదటి దాంట్లో మంచి మార్కులు తెచ్చుకొని రెండోదాంట్లో కొంప ముంచే కార్లున్నాయి. నెలకోసారి ఏదో ఒకటి ఊడినా, పది డాలర్లతో పోయే కార్లూ ఉన్నాయి. స్పోర్ట్స్ కారు విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. ఎందుకంటే దాని ధర పడిపోయినంతగా దాని విడిభాగాల ధర పడదు. కొత్తలో యాభై వేలు పలికిన కారు ఇప్పుడు పదివేలకొస్తుంది. రిపేరు బిల్లు మాత్రం యాభై వేల కారు బిల్లే వస్తుంది. చౌకగా దొరికిందని ఎగిరి గంతేసేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు.

స్పిట్‌ఫైర్‌నే కొందామని మొదట అనుకున్నాను. రూమ్మేటు మాట అది. స్పిట్‌ఫైర్, ఎమ్‌జీబీ రెండూ 1980తోనే ఆగిపోయాయి. ఇంకా చాలా కార్లు బతికే ఉన్నాయి, విడిభాగాలు కూడా పోస్టులో తెప్పించుకోవచ్చు. కానీ నలభై ఏళ్ళు దాటిన వైరింగు, రబ్బరు, ఇనుము. ఆ రోజుల్లో బ్రిటిషు కార్లకు ఎలక్ట్రికల్ సామాను సరఫరా చేసిన లూకాస్ కంపెనీని అమెరికావాళ్ళు "చీకటి రాజు" అని ఎగతాళి చేసేవారు, అంటే రాత్రిపూట దీపాలు ఆరిపోయేవని. ఒకటి నడిపి చూశాను. వాసనా, చప్పుడూ, అదురూ మనసుకు పట్టాయి గానీ, బ్రేకు తొక్కినప్పుడు మాత్రం అరవై రెండేళ్ళ వయస్సు గుర్తుకొచ్చింది.

ఈ బ్రిటిషు కార్ల కథకే ఒక కొనసాగింపు ఉంది. 1979 ప్రాంతంలో బాబ్ హాల్ అనే అమెరికన్ పత్రికా రచయిత, జపానులో మాజ్దా కంపెనీ ఇంజనీరు కెనిచి యమమోటోకు ఒక సలహా ఇచ్చాడు: ఆ తరహా తేలికైన, టాపు తీసే చిన్న కారు మీరెందుకు చేయరు అని. తరువాత అతను ఆ కంపెనీలోనే చేరాడు. పదేళ్ళకు, 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో మియాటా అనే కారు బయటికొచ్చింది. ముందు ఇంజను, వెనక చక్రాలకు శక్తి, బరువు వెయ్యి కిలోల లోపు, తెరుచుకొని మూసుకొనే కప్పకళ్ళ లాంటి దీపాలు. రూపంలో పాత బ్రిటిషు కార్ల బంధువే. అయితే నూనె కారదు, వానలో స్టార్టవుతుంది. 2016కల్లా అన్ని తరాలూ కలిపి పది లక్షల కార్లు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయింది అదే. ఇన్ని అమ్ముడుపోయాయి గనుకనే విడిభాగాలు చవక, పని తెలిసిన మెకానిక్కు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. నా మూడు ప్రశ్నల్లో చివరిదానికి ఇంతకంటే మంచి సమాధానం లేదు.

అయినా మనిషి ఆశ అంత తేలిగ్గా ఆగదు గదా. హోండా ఎస్2000 చూశాను. 1999 నుంచి 2009 దాకా వచ్చింది. మొదటి మోడళ్ళ రెండు లీటర్ల ఇంజను టర్బో లేకుండానే నిమిషానికి తొమ్మిది వేల చుట్ల దాకా తిరుగుతుంది. ఇంజనీరింగు చదివినవాడెవడైనా దాని ముందు చేతులు కట్టుకొని నిలబడవలసిందే. ధర విన్న తరువాత చేతులు కట్టుకొనే ఇంటికొచ్చాను. మాజ్దావారిదే ఆర్‌ఎక్స్-8 కూడా చూశాను. దాంట్లో పిస్టన్లు లేవు, మూడు మూలల రోటరు తిరుగుతుంది. ఆ మూలల్లో ఉండే సీళ్ళు అరిగితే కంప్రెషన్ పోతుంది. అది ఎంతుందో చూడటానికి మామూలు గేజి చాలదు, రోటరు మూడు ముఖాలనూ విడివిడిగా చూపే పరికరం కావాలి. పైగా సీళ్ళకు తడి కోసం ఇంజను తనంతట తానే కొంత నూనె తాగుతుంది. అంటే నూనె తగ్గడం జబ్బో ఆరోగ్యమో తెలియదు. తనిఖీకి లొంగని యంత్రం నాకొద్దనుకున్నాను.

ఈ లోపల మా తెలుగువాళ్ళలోనే ఒక డాక్టరుగారు తన పోర్షే బాక్‌స్టర్ అమ్ముతున్నారని తెలిసింది. 2002 మోడలు, ఎస్ రకం, 3.2 లీటర్ల ఇంజను, డెబ్బయి రెండు వేల మైళ్ళు తిరిగింది. రంగు వెండి. అడిగింది పదివేల అయిదు వందలు. ఆయన తాళం చేతికిచ్చి, "ఒక రౌండు వేసి రండి" అన్నారు. సీట్ల వెనక ఆరు సిలిండర్ల ఇంజను. మలుపులో కారు తిరగడం లేదు, ఊరే మన చుట్టూ తిరుగుతున్నట్టుంది. తిరిగొచ్చేసరికి నేను మానసికంగా కొనేశాను.

ఇక్కడ కొంచెం యంత్రశాస్త్రం చెప్పాలి. ఆ తరం బాక్‌స్టర్ ఇంజనులో క్రాంక్‌షాఫ్టుకూ కామ్‌షాఫ్టులకూ మధ్య ఇంకొక షాఫ్టు ఉంది. క్రాంక్ దాన్ని గొలుసుతో తిప్పుతుంది, అది కామ్‌లను గొలుసులతో తిప్పుతుంది. గేరుబాక్సు వైపు చివర అది ఒక సీలు చేసిన బాల్ బేరింగు మీద తిరుగుతుంది. లోపల గ్రీజు నింపి మూసేసిన బేరింగు అన్నమాట. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంజను నూనె సీలు దాటి లోపలికి పోయి గ్రీజును కడిగేస్తుంది. తరువాత ఆ గుండ్లకు చాలినంత తడి అందదు. గుండ్లు రాలితే షాఫ్టు వంకర పోతుంది, టైమింగు తప్పుతుంది, వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి. అరచేతిలో పట్టే బేరింగు పోతే ఇంజను మొత్తం పోతుంది. దీని మీద అమెరికాలో దావా నడిచి, 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కార్ల విషయంలో 2013లో రాజీ కుదిరింది. 2019 నాటికి ఆ గడువు కూడా చెల్లిపోయింది. మొదటి కార్లలో రెండు వరుసల గుండ్లుండేవి, అవి పోవడం నూటికి ఒకటి లోపు. తరువాత వచ్చిన ఒక వరుస బేరింగు పోవడం నూటికి ఎనిమిది దాకా అని ఆ కేసు సందర్భంగా ప్రచారమైన లెక్క. డాక్టరుగారి కారు ఆ రెండో రకం కాలంనాటిది.

బయట మెకానిక్కుకు ఒకసారి చూపిస్తానని అడిగితే డాక్టరుగారి మొహం మారిపోయింది. "మనవాళ్ళ మధ్య కూడా ఇవన్నీనా అండీ? నేను మీకు మాయచేసి అమ్ముతానా?" అన్నారు. నేను నీళ్ళు నమిలి వచ్చేశాను. మీరు పేషెంటు మొహం చూసి మందు వ్రాస్తారా, రక్తపరీక్ష చేయించరా అని అనవలసిందని కారెక్కి సగం దూరం వచ్చాక తోచింది. అటువంటి జవాబులు ఎప్పుడూ దారిలోనే తోస్తాయి. పరీక్ష వద్దులే, పరిచయస్థుడే గదా, డబ్బు కట్టేద్దామని ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ చేస్తున్న పని ఆపి, "మీరు బాయిలరు చూడకుండా సంతకం పెట్టేవారా?" అంది.

పెట్టేవాణ్ణి కాదు. మర్నాడు మళ్ళీ ఫోను చేసి, పరీక్ష ఖర్చు నాదేనని చెప్పి ఒప్పించాను. కారును లిఫ్టు మీద ఎక్కించి, ఆయిల్ ఫిల్టరు కోసి మడతలు విప్పి చూశారు. లోహపు రజను లేదు. బ్రేకులు బాగున్నాయి, బాడీకి దెబ్బ తగిలిన గుర్తు లేదు. కానీ కాగితాలు లేవు. బేరింగు మార్చాలంటే గేరుబాక్సు దించాలి. గేరుబాక్సు దించినట్టు, కనీసం క్లచ్చి మార్చినట్టు ఒక్క బిల్లూ లేదు. అంటే పదిహేడేళ్ళ నాటి బేరింగే లోపల ఉందన్నమాట. మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ, "ఇవాళ్టికి బాగానే ఉంది. రేపటి సంగతి నేను చెప్పలేను" అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో నేను వ్రాసిన రిపోర్టులన్నిటి సారాంశమూ అదే.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ఇంజను పోతే పన్నెండు వేలు అనుకుందాం. నూటికి ఎనిమిది చొప్పున సగటు నష్టం 960 డాలర్లు. ధర తొమ్మిది వందల అరవై తగ్గించి కొంటే న్యాయమే గదా అనిపిస్తుంది. వందకార్లు కొనేవాడికి న్యాయమే. నేను కొనేది ఒక్క కారు. నాకు 960 డాలర్ల నష్టం ఎన్నటికీ రాదు. వస్తే పన్నెండు వేలు వస్తుంది, లేకపోతే సున్న. మా స్టాటిస్టిక్స్ మేష్టారు, సగటున మోకాటి లోతు ఏటిలో మునిగిపోయినవాడి కథ చెప్పి నవ్వించేవారు. ఆ కథ నాకు నలభై ఏళ్ళ తరువాత అర్థమయింది. ఒక్క వస్తువు కొనేవాడు అడగవలసింది "ఎంత తరచుగా చెడుతుంది" అని కాదు, "చెడితే నేను తట్టుకోగలనా" అని. బేరింగు, క్లచ్చి ముందుగానే మార్పించుకుంటే మూడు వేలు. ధరతో కలిపితే పదమూడో వెయ్యి దాటి పద్నాలుగో వెయ్యిలోకి పోతోంది.

మూడు వేలు తగ్గించమని అడిగాను. "నడుస్తున్న కారుకు లేని రిపేరు ఖర్చు నేనెందుకివ్వాలండీ?" అన్నారాయన. ఆయన వైపు నుంచి అది న్యాయమైన మాటే. నేను వద్దనుకున్నాను. ఆ సంవత్సరం దసరా ఫంక్షనులో మా ఇద్దరి పలకరింపులూ ముక్తసరిగానే నడిచాయి. ఆ కారు సిన్సినాటి కుర్రాడొకడు కొనుక్కున్నాడు. ఇప్పటికీ నడుపుతున్నాడట, బేరింగు ముట్టుకోలేదట. ఈ సంగతి డాక్టరుగారు నాకు ఏడాదికోసారి గుర్తు చేస్తూనే ఉంటారు. నూటికి తొంభై రెండు అంటే అర్థం అదే గనుక నేను ఒప్పుకుంటూనే ఉంటాను.

చివరికి మియాటా దగ్గరికే వచ్చాను. కానీ మోడలు ఖాయమైనంత మాత్రాన పని అయిపోదు. ఒకే సంవత్సరం, ఒకే ఫాక్టరీ నుంచి వచ్చిన రెండు మియాటాలలో ఒకటి అపరంజి, ఇంకొకటి తుక్కు కావచ్చు. ఒహాయోలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కారు అడుగును తినేస్తుంది. అందుకని మా ఊరి కార్లు వదిలేసి, దక్షిణంగా కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో ఒక రిటైరయిన స్కూలు టీచరమ్మ దగ్గర ఉన్న 1996 మోడలు చూడటానికి వెళ్ళాను. కారు 68 వేల మైళ్ళు తిరిగింది. అడిగింది అయిదు వేల ఎనిమిది వందలు.

నేను వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయవద్దని ముందే ఫోనులో చెప్పాను. ఇది ముఖ్యం. వేడి ఇంజను అబద్ధాలు చెబుతుంది, చల్లటి ఇంజను నిజం చెబుతుంది. వెళ్ళగానే నమస్కారం పెట్టి బానెట్టు మీద చెయ్యి వేశాను, చల్లగా ఉంది. స్టార్టు చేస్తే కొద్ది సెకండ్లు టకటక చప్పుడు వచ్చి ఆగింది. వాల్వుల హైడ్రాలిక్ లిఫ్టర్లలోకి నూనె ఎక్కేదాకా ఈ కార్లలో అది మామూలే. తరువాత ఒక నీళ్ళ సీసా తీసి, గుడ్డ టాపు వెనక మూల గాడిలో పోశాను. టీచరమ్మ వింతగా చూసింది. టాపు మీద పడ్డ వాన నీరు తలుపుల వెనక సన్నటి గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులు అడ్డం పడి ఆ గొట్టాలు మూసుకుపోతే నీరు తలుపు కింది గుమ్మంలో నిలిచి లోపలినుంచి తుప్పు పడుతుంది. బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. రెండు వైపులా నీళ్ళు వెనక చక్రాల ముందు ధారగా పడ్డాయి. గుమ్మం కింద వేళ్ళతో తట్టి చూస్తే గట్టి ఇనుము చప్పుడు. అయస్కాంతం వేసి చూస్తే అన్నిచోట్లా అంటుకుంది. ఎక్కడా పుట్టీ పూతలు లేవు.

అక్కడి మెకానిక్కు చేత కంప్రెషన్ చూపించాను. నాలుగు సిలిండర్లూ 178, 180, 175, 182. ఇక్కడ చూడవలసింది అంకె ఎంత పెద్దదన్నది కాదు, నాలుగూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నది. మూడు మంచి అంకెలూ ఒక చెడ్డ అంకే ఉన్న ఇంజను కంటే, నాలుగూ కొంచెం తక్కువగా ఉన్నదే మేలు.

ఇవన్నీ ఒక ఎత్తు. టీచరమ్మ లోపలికి వెళ్ళి తెచ్చిన నీలం అట్ట ఫైలు ఒక ఎత్తు. ఇరవై మూడేళ్ళ బిల్లులు తేదీల వారీగా ఉన్నాయి. అరవై వేల మైళ్ళకు టైమింగు బెల్టు, దాంతోపాటు వాటర్ పంపు. ఆ ఇంజనులో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, కారు ఆగిపోతుందంతే. బాక్‌స్టర్‌లో చూసిన దానికి ఇది సరిగ్గా తిరకాసు. అయినా ఆవిడ గడువుకు ముందే మార్పించింది. నేను ఆ ఫైలు చూశాక ఇక బేరమాడలేదు. పాత కారులో మనం కొనేది ముప్పాతిక వంతు ఇదివరకటి యజమాని అలవాట్లని నా అభిప్రాయం.

ఇలాంటి కారు ఇండియాకు తెచ్చుకోవచ్చా అని నన్ను కొందరు విద్యార్థులు అడిగారు. కుదరదు. మూడేళ్ళు దాటిన వాడిన కారును మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు. అమెరికా కారుకు స్టీరింగు ఎడమవైపు ఉండటం ఇంకో అభ్యంతరం.

ఇంతా చెప్పి, నేను చేసిన తప్పు చెప్పకపోతే వ్యాసం అబద్ధమవుతుంది. కారు తెచ్చిన మూడో వారం, మా ఆవిడ పక్కన ఉండగా, చిన్న జల్లులో హైవే దిగే వంపు రోడ్డు మీద వెనక చక్రాలు జారాయి. కారు బొంగరంలా ఒక చుట్టు తిరిగి గడ్డి మీద ఆగింది. వెనక ఏ లారీ రాలేదు గనుక ఇది వ్రాయగలుగుతున్నాను. పెద్ద వేగం కూడా కాదు. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తరువాత దిగి టైర్లు చూశాను. గాళ్ళు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. పక్కన చివరి నాలుగంకెలు 2810. అంటే 2010వ సంవత్సరం ఇరవై ఎనిమిదో వారంలో తయారయ్యాయి. అప్పటికి తొమ్మిదేళ్ళ రబ్బరు. టీచరమ్మ కారు తక్కువ తిప్పింది గనుక గాళ్ళు అరగలేదు, రబ్బరు మాత్రం గట్టిపడి తడిలో పట్టు వదిలేసింది. ఆ నాలుగంకెలు అందరికీ కనిపించేచోటే ఉంటాయి. వంద రకాల పరీక్షలు చేసిన నేను వంగి అది చదవలేదు. ఫైలులో టైర్ల బిల్లు ఉంది కూడా, తేదీతో సహా. గాళ్ళు చూసి ఆ కాగితం తిప్పేశాను.

"ఇంకెప్పుడూ ఎక్కను" అంటుందనుకున్నాను. ఆవిడ "టైర్లు మార్పించాక చెప్పండి" అంది. నాలుగు కొత్త టైర్లు వేయించాను. పన్నెండు వేలలో ఇంకా అయిదు వేల పైచిలుకు మిగిలింది. షాపులో ఆవిడే చక్రం దగ్గర గొంతుకు కూర్చొని నాలుగంకెలూ పైకి చదివి, బిల్లు మీద పెన్నుతో వ్రాసి, నీలం ఫైలులో పెట్టింది.